పంటల ఛాయాచిత్ర నమోదులో నిరంతర చిత్రణ, ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్: ఫిలింనగర్ చిత్రీకరణ పద్ధతుల నుంచి విస్తరణ శాస్త్రవేత్తలకు పాఠాలు

సారాంశం

పంట క్షేత్రంలో తీసిన ఛాయాచిత్రం నేడు తెగులు నిర్ధారణకు, సలహాకు, పరిశోధన కొలతలకు ఆధారమవుతున్నది. డిజిటల్ కెమెరాలోని రెండు సదుపాయాలు, అనగా ఒక్క నొక్కుతో వరుస చిత్రాలు తీసే నిరంతర చిత్రణ, ఒకే దృశ్యాన్ని వేర్వేరు కాంతి పరిమాణాలతో తీసే ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్, ఈ ఆధారాన్ని బలపరచగలవు. అవి తప్పుగా వాడితే తప్పుడు నిర్ధారణకూ దారి తీయగలవు. తెలుగు చలనచిత్ర పరిశ్రమ పాటించే కాంతి క్రమశిక్షణను ఉదాహరణగా తీసుకొని, ఈ రెండు పద్ధతుల సూత్రాలను, క్షేత్రస్థాయి వినియోగాన్ని, పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

హైదరాబాదులోని జూబిలీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు కేంద్రం. రామానాయుడు స్టూడియో, తెలుగు ఫిలిం ఛాంబర్ ఆఫ్ కామర్స్ ఇక్కడే ఉన్నాయి. అదే నగరంలోని రాజేంద్రనగర్ వ్యవసాయ విద్యకు, పరిశోధనకు కేంద్రం. ఒకచోట కాంతిని పట్టడం వృత్తి; మరొకచోట ఆకు రంగును చదవడం వృత్తి. ఈ రెండు పనులకూ మూలవస్తువు ఒకటే: వస్తువుపై పడి తిరిగి వచ్చే వెలుగు.

సినిమా సెట్టులో ఒక షాట్ ఎక్స్‌పోజర్ చెడితే ఆ షాట్‌ను మళ్లీ తీస్తారు. పొలంలో ఆ అవకాశం అన్నివేళలా ఉండదు. రైతు పంపిన ఒక చిత్రంలో వరి ఆకు ఎండ వెలుగుకు తేలిపోయి లేత పసుపుగా కనిపించినదనుకుందాం. చూసిన శాస్త్రవేత్త దానిని నత్రజని లోపంగా భావించి యూరియా సూచించవచ్చు. నిజానికి ఆ మడిలో సుడిదోమ ఉంటే, అదనపు నత్రజని ఆ పురుగు ఉద్ధృతిని పెంచుతుంది. అనగా ఒక చిత్రంలోని కాంతి దోషం రైతు ఖర్చుగా, పంట నష్టంగా మారగలదు. కాబట్టి ఛాయాచిత్రణను కళగా కాక కొలత సాధనంగా నేర్చుకోవలసిన అవసరం విస్తరణ శాస్త్రవేత్తకు ఉన్నది.

ఎక్స్‌పోజర్ మూలసూత్రం

సెన్సార్ నమోదు చేసే కాంతిని రెండు అంశాలు నిర్ణయిస్తాయి: అపర్చర్, షట్టర్ వేగం. ఆ నమోదును ఎంత పెంచి చూపాలో ఐ.ఎస్.ఓ. నిర్ణయిస్తుంది. కాంతి రెట్టింపు కావడాన్ని గాని, సగం కావడాన్ని గాని ఒక ‘స్టాప్’ అంటారు. షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు నుంచి 1/125 వంతుకు మారితే ఒక స్టాప్ పెరుగుతుంది. అపర్చర్ ఎఫ్/8 నుంచి ఎఫ్/11కు మారితే ఒక స్టాప్ తగ్గుతుంది. నిండు ఎండలో ఐ.ఎస్.ఓ. 100, అపర్చర్ ఎఫ్/16 ఉంటే షట్టర్ వేగం సుమారు 1/100 సెకను సరిపోతుందన్నది పాత ఫిలిం కెమెరాల కాలం నుంచి వస్తున్న సూత్రం. దాని ప్రకారం ఎఫ్/8 వద్ద 1/400 సెకను అవసరమవుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తున్నవారు కెమెరా చూపే సంఖ్య నమ్మదగినదో కాదో పొలంలోనే పోల్చుకోగలరు.

తెల్ల పత్తి, నల్లరేగడి: మీటర్ భ్రమ

కెమెరాలోని కాంతి మీటర్‌కు తాను చూస్తున్నది ఏమిటో తెలియదు. ప్రతి దృశ్యమూ సగటున మధ్యస్థ బూడిద రంగులో ఉంటుందన్న ఊహపై అది పనిచేస్తుంది. విచ్చిన పత్తి కాయలు ఫ్రేము నిండా ఉంటే మీటర్ కాంతిని తగ్గిస్తుంది. తెల్లని దూది మాసినట్లు బూడిద రంగులో వస్తుంది. దున్నిన నల్లరేగడి ఫ్రేము నిండా ఉంటే మీటర్ కాంతిని పెంచుతుంది. నల్లనేల పాలిపోయి ఎర్ర చల్కాకు, నల్లరేగడికి మధ్య ఉన్న భేదం చెదురుతుంది. మొదటి సందర్భంలో ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపుల వరకు పెంచడం, రెండవ సందర్భంలో సుమారు ఒక స్టాప్ తగ్గించడం సవరణ.

చలనచిత్ర ఛాయాగ్రాహకుడు చేతి లైట్ మీటర్‌తో నటుని ముఖం వద్ద పడుతున్న కాంతిని విడిగా కొలవడంలోని ఆంతర్యం ఇదే. వస్తువు నుంచి తిరిగి వచ్చే కాంతి వస్తువు రంగును బట్టి మారుతుంది. వస్తువుపై పడే కాంతి ఆ రంగుపై ఆధారపడదు. చేతి మీటర్ లేని శాస్త్రవేత్త మొక్క పక్కన బూడిద రంగు కార్డు ఉంచి, దానిపై మీటర్ చూసుకొని, ఆ విలువలను మాన్యువల్ పద్ధతిలో స్థిరపరచినచో అదే ఫలితం పొందవచ్చు.

ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్

తెల్ల దూది, నల్ల నేల ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు సవరణ ఎటువైపు చేయాలి? ఒక చిత్రం రెండింటికీ న్యాయం చేయలేకపోవచ్చు. ఇక్కడే బ్రాకెటింగ్ అక్కరకు వస్తుంది. సాధారణ ఎక్స్‌పోజర్‌తో ఒకటి, రెండు స్టాపులు తక్కువతో ఒకటి, రెండు స్టాపులు ఎక్కువతో ఒకటి చొప్పున మూడు చిత్రాలను కెమెరా తానే తీస్తుంది. పైన చెప్పిన నిండు ఎండ ఉదాహరణలో ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్/8 వద్ద ఈ మూడు చిత్రాల షట్టర్ వేగాలు వరుసగా 1/400, 1/1600, 1/100 సెకను అవుతాయి.

ఇందులో మారవలసినది షట్టర్ వేగం మాత్రమే. అపర్చర్ మారితే స్పష్టంగా కనిపించే లోతు మారుతుంది. ఒక చిత్రంలో స్పష్టంగా ఉన్న ఆకు మరొక చిత్రంలో మసకబారుతుంది. ఐ.ఎస్.ఓ. మారితే మచ్చల వంటి నాయిస్ మారుతుంది. వైట్ బ్యాలెన్స్‌ను ‘ఆటో’లో వదిలితే మూడు చిత్రాలలో ఆకు మూడు రంగులలో కనిపించే ప్రమాదం ఉన్నది. కాబట్టి అపర్చర్ ప్రాధాన్య పద్ధతిని ఎంచుకొని, ఐ.ఎస్.ఓ., వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడింటినీ స్థిరపరచిన తరువాతనే బ్రాకెటింగ్ ప్రారంభించాలి.

క్షేత్రంలో దీని విలువ తెలిపే మంచి ఉదాహరణ వరిలో సుడిదోమ. ఈ పురుగు దుబ్బు అడుగుభాగంలో, నీటి మట్టానికి కొద్దిగా పైన గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. పైన ఆకులపై నిండు ఎండ, అడుగున దట్టమైన నీడ. ఆకులకు సరిపడే ఎక్స్‌పోజర్‌లో మొదలు నల్లగా మారి పురుగు కనిపించదు. మొదలుకు సరిపడే ఎక్స్‌పోజర్‌లో ఆకులు తెల్లబోయి పసుపు, పచ్చ తేడా తెలియదు. రెండు స్టాపులు పెంచిన చిత్రంలో పురుగులను లెక్కించవచ్చు. సాధారణ చిత్రంలోనో, తగ్గించిన చిత్రంలోనో ఆకుల రంగును చదవవచ్చు. మిరప పూవులోని తామర పురుగుల విషయం దీనికి తిరగబడిన రూపం. తెల్లని రేకులు కాంతిని ఎక్కువగా వెనుకకు పంపుతాయి. 2021లో తెలుగు రాష్ట్రాల మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు ఆ రేకుల మధ్యనే దాగుతుంది. రేకులు వెలుగుకు తేలిపోకుండా కాంతి తగ్గించిన చిత్రమే అక్కడ ఉపయోగపడుతుంది.

కలపడమా, ఎంచుకోవడమా?

బ్రాకెటింగ్‌లో వచ్చిన చిత్రాలను రెండు విధాలుగా వాడవచ్చు: వాటిలో ఒకదానిని ఎంచుకోవడం, లేదా అన్నింటిని కలిపి ఒక హెచ్.డి.ఆర్. చిత్రం తయారుచేయడం. కలపడమన్న ఆలోచన కొత్తది కాదు. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు గుస్తావ్ లె గ్రే 1850ల దశకంలోనే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి మరొక నెగటివ్ వాడి ఒకే చిత్రంగా ముద్రించాడు. 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ బ్రాకెట్ చేసిన సాధారణ చిత్రాల నుంచి దృశ్యంలోని కాంతి పరిమాణాన్ని లెక్కించే పద్ధతిని ప్రచురించారు. నేటి సినిమా విజువల్ ఎఫెక్ట్స్‌లో ఇది నిత్యకృత్యం. షాట్ ముగిసిన వెంటనే నటుడు నిలిచిన చోట అద్దం వంటి గోళాన్ని, బూడిద రంగు గోళాన్ని ఉంచి, లేదా చుట్టూ తిరిగే కెమెరాతో, బ్రాకెట్ చిత్రాలు తీస్తారు. ఆ కొలతల ఆధారంగా కంప్యూటర్‌లో సృష్టించిన వస్తువుపై సెట్టులోని వెలుగునే పడేలా చేస్తారు. 2012లో విడుదలైన ఎస్.ఎస్. రాజమౌళి చిత్రం ‘ఈగ’లో కథానాయకుడైన కీటకం కంప్యూటర్ సృష్టి. అటువంటి కీటకం నిజమైన గదిలో ఎగురుతున్నట్లు ప్రేక్షకుడు నమ్మాలంటే, ఆ గదిలోని వెలుగుకు, దాని రెక్కపై మెరుపుకు పొంతన కుదరాలి.

ఇక్కడ గుర్తించవలసిన భేదం ఒకటున్నది. సినిమా నిపుణులు కలిపిన చిత్రాన్ని కాంతి కొలతగా వాడతారు. చరవాణి కెమెరా కలిపిన హెచ్.డి.ఆర్. చిత్రం కంటికి ఇంపుగా ఉండటానికి తయారైనది. నీడలను పెంచి, వెలుగులను అణచి, రంగులను సవరించిన తరువాత మిగిలిన విలువలకు, ఆకు నిజ వర్ణానికి మధ్య సంబంధం నిలకడగా ఉండదు. రైతుకు చూపే పోస్టరుకు అది పనికివస్తుంది. రంగును కొలిచే పరిశోధనకు పనికిరాదు.

నిరంతర చిత్రణ

1878లో అమెరికాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా అమర్చిన కెమెరాలతో పరుగెత్తే గుర్రాన్ని చిత్రించి, నాలుగు కాళ్లూ ఒకే క్షణంలో నేలను వీడతాయని నిరూపించాడు. కన్ను పట్టలేని క్షణాన్ని వరుస చిత్రాలు పట్టగలవన్నది ఆ ప్రయోగ సారం. సెకనుకు 24 ఫ్రేముల చలనచిత్రానికీ, నేటి కెమెరాలలోని నిరంతర చిత్రణకూ అదే మూలం. తెలుగు సినిమా సెట్టులో స్టిల్ ఫోటోగ్రాఫర్ పోరాట దృశ్యంలో షట్టర్ మీట నుంచి వేలు తీయకుండా ఉండటం అందుకే.

అయితే ఫ్రేముల సంఖ్య వేరు, షట్టర్ వేగం వేరు. విద్యార్థులు తరచుగా ఈ రెండింటిని ఒకటిగా భావిస్తారు. సెకనుకు 10 చిత్రాలు తీసినా ఒక్కొక్క చిత్రం 1/60 సెకను పాటు తెరచి ఉంటే, పదికి పదీ మసకగానే వస్తాయి. గాలికి ఊగే ఆకు కొన సెకనుకు అర మీటరు కదులుతున్నదనుకుందాం. 1/250 సెకనులో అది 2 మిల్లీమీటర్లు జరుగుతుంది. 30 సెంటీమీటర్ల వెడల్పును 6000 పిక్సెళ్లలో పట్టే చిత్రంలో ఒక పిక్సెల్ 0.05 మిల్లీమీటరుకు సమానం. అనగా ఆకు 40 పిక్సెళ్ల మేర చెదురుతుంది. అగ్గి తెగులు మచ్చ అంచు ఆ చెదురులో కలిసిపోతుంది. 1/2000 సెకను వాడితే ఆ చెదురు 5 పిక్సెళ్లకు తగ్గుతుంది. గాలి ఊపుకు రెండు చివరల వద్ద ఆకు క్షణకాలం ఆగుతుంది. నిరంతర చిత్రణలో ఆ క్షణం ఏదో ఒక ఫ్రేములో దొరికే అవకాశం ఎక్కువ. ఇదే దాని అసలు ప్రయోజనం.

పరాగ సంపర్క కీటకాల విషయంలో పరిమితి ఇంకా స్పష్టం. తేనెటీగ సెకనుకు సుమారు 230 సార్లు రెక్కలాడిస్తుంది. 1/2000 సెకనులో కూడా రెక్క ఒక ఆవృతంలో తొమ్మిదవ వంతు కదిలిపోతుంది. సెకనుకు 7 మీటర్ల వేగంతో ఎగిరే తేనెటీగ, సెకనుకు 10 చిత్రాల చిత్రణలో ఒక ఫ్రేముకు, మరొక ఫ్రేముకు మధ్య 70 సెంటీమీటర్లు దాటిపోతుంది. కాబట్టి ఎగిరే తేనెటీగను వెంటాడటం కంటే, అది వాలే పూవుపై ముందుగా ఫోకస్ నిలిపి, వాలిన క్షణం నుంచి చిత్రణ ప్రారంభించడం మేలు.

మూడవ పరిమితి కెమెరా జ్ఞాపకశక్తి. 24 మెగాపిక్సెళ్ల రా చిత్రం ఒక్కటి సుమారు 25 నుంచి 30 మెగాబైట్లు ఉంటుంది. సెకనుకు 10 చొప్పున తీస్తే సెకనుకు 250 నుంచి 300 మెగాబైట్లు పోగవుతాయి. యు.హెచ్.ఎస్.-1 రకం కార్డు గరిష్ఠంగా సెకనుకు 104 మెగాబైట్లకు మించి స్వీకరించలేదు. మిగిలినది కెమెరా లోపలి బఫర్‌లో నిలుస్తుంది. అది నిండగానే కెమెరా నెమ్మదిస్తుంది. ఆ కొద్ది సెకన్లలోనే కీటకం ఎగిరిపోవచ్చు. ఎడతెగకుండా నొక్కి ఉంచక, ఐదారు చిత్రాల చొప్పున విడతలుగా తీయడం దీనికి పరిష్కారం.

రెండింటిని కలిపి వాడటం

చాలా కెమెరాలలో బ్రాకెటింగ్‌ను నిరంతర చిత్రణతో జతచేసినచో, మీట నొక్కి ఉంచగానే మూడు చిత్రాలు వెంటవెంటనే పూర్తయి కెమెరా ఆగుతుంది. జతచేయకపోతే మూడుసార్లు నొక్కవలసి వస్తుంది. ప్రతి నొక్కుకూ చేయి కదులుతుంది. ముక్కాలి స్టాండుపై ఉంచి రెండు సెకన్ల టైమర్ వాడితే ఆ కదలిక కూడా తొలగుతుంది.

అయినను గాలి కదలికను ఏ స్టాండూ ఆపలేదు. సెకనుకు 10 చిత్రాల వేగంలో మొదటి చిత్రానికి, మూడవ చిత్రానికి మధ్య 0.2 సెకను గడుస్తుంది. పై ఉదాహరణలోని ఆకు ఆ వ్యవధిలో 10 సెంటీమీటర్ల వరకు జరగగలదు. అటువంటి చిత్రాలను కలిపితే ఒకే ఆకు మూడు నీడలుగా కనిపిస్తుంది. కాబట్టి నిశ్చలమైన నేల, కాండం, కోసి బల్లపై పెట్టిన నమూనాలకే చిత్రాలను కలపడం తగును. గాలికి ఊగే పంటలో బ్రాకెట్ చిత్రాల నుంచి ఒకదానిని ఎంచుకోవడమే సరైనది.

కృత్రిమ కాంతిలో జాగ్రత్త

భారతదేశంలో విద్యుత్ పౌనఃపున్యం 50 హెర్ట్జ్. అనేక దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి కనిపించని ఈ మినుకు వరుస చిత్రాలలో బయటపడుతుంది: ఒక ఫ్రేము వెలుగుగా, మరొకటి మసకగా, ఒక్కొక్కసారి అడ్డచారలతో వస్తుంది. 24 ఫ్రేముల చిత్రీకరణలో ఛాయాగ్రాహకులు షట్టర్ కోణాన్ని 172.8 డిగ్రీలకు అమర్చడానికి కారణం ఇదే. అప్పుడు ఎక్స్‌పోజర్ సరిగా 1/50 సెకను అవుతుంది, మినుకు రెండు పూర్తి ఆవృతాలు ప్రతి ఫ్రేములోనూ ఇముడుతాయి. ప్రయోగశాలలో గాని, దీపాల కింద పెంచే మొక్కల గదిలో గాని 1/50 లేదా 1/100 సెకను వాడటం అదే సూత్రం. అచ్చట షట్టర్ వేగాన్ని మార్చే బ్రాకెటింగ్ నమ్మదగినది కాదు.

చిత్రం కొలతగా మారినప్పుడు

నేలను కప్పిన పైరు విస్తీర్ణాన్ని చిత్రం నుంచి లెక్కించడానికి అధిక హరిత సూచిక విరివిగా వాడుకలో ఉన్నది. ఆకుపచ్చ భాగాన్ని రెట్టింపు చేసి, ఎరుపు, నీలం భాగాలను తీసివేయడం దాని సూత్రం. ఉదాహరణకు ఒక ఆకు పిక్సెల్‌లో ఎరుపు 90, ఆకుపచ్చ 140, నీలం 60 ఉంటే సూచిక 0.45 వస్తుంది, అది మొక్కగా గుర్తింపబడుతుంది. అదే ఆకు అధిక కాంతికి తేలిపోయి 255, 255, 230గా నమోదైతే సూచిక 0.03కు పడిపోతుంది; కంప్యూటర్ దానిని నేలగా లెక్కిస్తుంది. పైరు పెరిగినా కొలతలో తగ్గినట్లు కనిపిస్తుంది. బ్రాకెటింగ్‌లోని తక్కువ కాంతి చిత్రం ఇటువంటి నష్టానికి బీమా వంటిది. అయితే ఒక మడికి తక్కువ కాంతి చిత్రాన్ని, మరొక మడికి సాధారణ చిత్రాన్ని వాడరాదు. ప్రయోగంలోని అన్ని మడులకూ ఒకే స్థాయి ఎంచుకోవాలి.

చిత్రాల సంఖ్య నమూనాల సంఖ్య కాదు

నిరంతర చిత్రణ తెచ్చే పెద్ద ప్రమాదం సాంకేతికమైనది కాదు, గణాంకపరమైనది. ఒక మొక్కకు మూడు సెకన్లలో తీసిన 30 చిత్రాలు 30 నమూనాలు కావు. అవి ఒకే నమూనాకు 30 ప్రతులు. వాటిని విడివిడి పరిశీలనలుగా విశ్లేషిస్తే దోషం కృత్రిమంగా తగ్గి, లేని తేడా ఉన్నట్లు తేలుతుంది. దీనినే స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ 1984లో మిథ్యా పునరుక్తిగా వివరించాడు. చిత్రాలతో యంత్రాభ్యాసన నమూనాలను తయారుచేసే విద్యార్థులు కూడా దీనిని గమనించాలి. ఒకే వరుసలోని చిత్రాలు కొన్ని శిక్షణకు, కొన్ని పరీక్షకు పోతే, తెగులును గుర్తించకుండానే ఆ మొక్కను గుర్తించి అధిక ఖచ్చితత్వం చూపే ప్రమాదం ఉన్నది.

ఎంపికలోనూ పక్షపాతం దాగి ఉంటుంది. 30 చిత్రాలలో లక్షణం తీవ్రంగా కనిపించే ఒక్కదానిని ఎంచుకొని ‘ప్రాతినిధ్య చిత్రం’ అని ప్రచురించడం సరికాదు. ‘మొదటి స్పష్టమైన చిత్రం’ వంటి ఎంపిక నియమాన్ని ముందుగానే నిర్ణయించి, పద్ధతుల భాగంలో పేర్కొనాలి.

సాధన, నమోదు

1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించబడిన జూబిలీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానం విద్యార్థుల సాధనకు అనువైన చోటు. ఎండలో మెరిసే గ్రానైటు గుండ్లు, వాటి పక్కనే పొదల నీడ బ్రాకెటింగ్‌కు పాఠం. నడిచే నెమళ్లు, పూలపై వాలే సీతాకోకచిలుకలు నిరంతర చిత్రణకు పాఠం. అటవీ శాఖ నిబంధనలకు లోబడి ఒక ఉదయం అక్కడ గడిపినవారికి పొలంలో తడబాటు తగ్గుతుంది. క్షేత్రంలో పాటించవలసిన క్రమం ఇది:

1. చరవాణిలో హెచ్.డి.ఆర్., బ్యూటీ వంటి స్వయంచాలక సవరణలను ఆపివేసి, ప్రో పద్ధతి ఉంటే దానిని ఎంచుకోవాలి. కెమెరాలో రా, జేపెగ్ రెండింటినీ నమోదు చేయాలి.

2. మొదటి చిత్రం పలకది కావాలి. సినిమా షాట్‌కు క్లాప్ బోర్డు ఎటువంటిదో, పొలం చిత్రానికి తేదీ, గ్రామం, పంట, రకం, మడి సంఖ్య రాసిన పలక అటువంటిది. దాని పక్కన బూడిద రంగు కార్డు, స్కేలు ఉండాలి.

3. వరిలో ఆకు రంగు పట్టికతో పోల్చే చిత్రాన్ని నేరుగా ఎండలో తీయరాదు. శరీరపు నీడలో ఆకును, పట్టికను పక్కపక్కనే ఉంచి తీయాలి.

4. మొత్తం మడి, ఒక దుబ్బు, లక్షణం కనిపించే భాగం, ఈ మూడు దూరాలలోనూ ఒక్కొక్క బ్రాకెట్ వరుస తీయాలి.

5. గాలి ఉన్నప్పుడు 1/1000 సెకను గాని, అంతకంటే తక్కువ వ్యవధి గాని ఎంచుకొని, ఐదారు చిత్రాల విడతలుగా తీయాలి.

6. మూల చిత్రాలను తొలగించకుండా భద్రపరచి, సవరణలన్నీ ప్రతిపైనే చేయాలి.

ముగింపు

నిరంతర చిత్రణ కాలాన్ని ముక్కలు చేసి చూపుతుంది. బ్రాకెటింగ్ కాంతిని మెట్లుగా విడదీసి చూపుతుంది. మొదటిది కదలికకు, రెండవది వెలుగునీడల అంతరానికి మందు. రోగం తెలియకుండా మందు వాడటం పైరుకు ఎంత హానికరమో, అవసరం తెలియకుండా ఈ సదుపాయాలను వాడటం పరిశోధనకు అంతే హానికరం. ఫిలింనగర్‌లో కాంతిని కొలిచేది ప్రేక్షకుడిని నమ్మించడానికి. పొలంలో కాంతిని కొలిచేది రైతు ఆ చిత్రాన్ని నమ్మి మందు కొంటాడు గనుక. ఆ నమ్మకానికి తగిన చిత్రం తీయడం విస్తరణ శాస్త్రవేత్త వృత్తిధర్మంలో భాగం. అందుకు ఖరీదైన పరికరం కంటే ముందు కావలసినవి ఒక బూడిద రంగు కార్డు, ఒక పలక, మీట నొక్కే ముందు వెలుగు ఎటునుంచి వస్తున్నదో చూసే ఒక క్షణపు నిదానం.